ఆ గూఢచారికి అమ్మ లేదా?

అక్కలూ, చెల్లెళ్ళూ, ఈసారి మన ముచ్చట వంటల గురించీ కాదు, చీరల గురించీ కాదు. గూఢచారుల గురించి! నాకు జేమ్స్‌బాండ్ సినిమాలంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. మన తెలుగు హీరో కృష్ణ గూఢచారి వేషం కడితే మరీ ప్రాణం. ఈ చలికాలం 1962 నాటి ‘డాక్టర్ నో’ దగ్గర మొదలుపెట్టి, 2021లో వచ్చిన ‘నో టైమ్ టు డై’ దాకా ఆ వరసలోని 25 సినిమాలూ మళ్ళీ చూశాను. మధ్యమధ్యలో మన తెలుగు గూఢచారుల్నీ, పక్క రాష్ట్రాల వాళ్ళనీ కూడా పలకరించి వచ్చాను.

చూసిన సినిమానే మళ్ళీ చూడ్డంలో ఒక సుఖం ఉందమ్మా. మొదటిసారి మన కళ్ళు హీరో వెంటే పరిగెడతాయి. బాంబు పేలుతుందా, కారు లోయలో పడుతుందా అని గుండె గొంతులో ఉంటుంది. రెండోసారి ఆ భయం ఉండదు. హీరోకి ఏమీ కాదని ముందే తెలుసు కదా! అప్పుడు చూపు మెల్లగా పక్కకు జరుగుతుంది. ఆఫీసులో ఫోనెత్తే అమ్మాయి, పై అధికారి, పెళ్ళి చేసుకున్న పాపానికి ప్రాణం పోగొట్టుకున్న భార్య, ఇంటి దగ్గర ఏమీ తెలియని పిల్లలు కనిపిస్తారు. ఈసారి నేను మనసుపెట్టి చూసింది వాళ్ళనే. చూపు అటు తిప్పింది మా అమ్మ.

రాయలసీమలో మా కలికిరి వైపు చలికాలం వచ్చిందంటే అనపకాయల కాలం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఎక్కడికెళ్ళినా బుట్టలకొద్దీ అనపకాయలే. గింజలు ఒలిచి రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కో గింజా వేళ్ళ మధ్య పితికితే తోలు చేతిలో మిగిలి, పప్పు టప్పున గిన్నెలో పడుతుంది. పితికిపప్పు కూర తినడానికి ఎంత రుచో, చేయడానికి అంత ఓపిక కావాలి. అమ్మ అలా పితుకుతూ కూర్చుంటే, పక్కన నేను ‘డాక్టర్ నో’ పెట్టాను. ఇంగ్లీషు సినిమా కాబట్టి కథ నేను చెప్తున్నాను, ఆమె వింటోంది.

అందులో ఒక సన్నివేశం ఉంది, గుర్తుందా? బాండ్ జమైకా వెళ్ళి హోటల్ గదిలో దిగుతాడు. బయటికి పోయేముందు తన తలవెంట్రుక ఒకటి పీకి, ఉమ్మితో తడిపి బీరువా తలుపుల మధ్య అంటిస్తాడు. పెట్టె మీద కాస్త పౌడరు చల్లుతాడు. తను లేనప్పుడు ఎవరైనా వచ్చి తెరిస్తే తెలిసిపోవాలని! మాట లేదు, తుపాకీ లేదు, గదిలో ఒక్క మనిషి. అమ్మ చేయి ఆగింది. గిన్నె పక్కన పెట్టి, “ఏమ్మే, ఈ పిల్లోడికి ఇంత తెలివి ఎవురు నేర్పినారే? వాళ్ళమ్మ యాడుంది? ఈడు ఇంటికి రాకపోతే ఎదురు చూసేదానికి ఎవురూ లేరా?” అని అడిగింది.

ఏం చెప్పను? ఆ సినిమాలో బాండ్‌కి అమ్మ లేదు, ఊరు లేదు, ఇల్లని చెప్పుకోదగ్గదీ లేదు. కబురు పెడితే వస్తాడు, పని ముగించి పోతాడు. లోకమంతా అతని సూటూ కారూ చూసి మురిసిపోయింది గానీ, అన్నం ఎవరు పెట్టారని అడగలేదు. మా అమ్మ అడిగింది. ఇక ఆ తర్వాత ప్రతి సినిమాలోనూ నేను వెతికింది ఆ జవాబు కోసమే.

జవాబు దొరకడానికి ఆ సినిమాలకు సరిగ్గా 50 ఏళ్ళు పట్టిందమ్మా. 2012లో వచ్చిన 23వ సినిమా ‘స్కైఫాల్’లో బాండ్ తను పుట్టిపెరిగిన ఇంటికి తిరిగొస్తాడు. స్కాట్లాండ్ కొండల మధ్య పాడుబడిన పెద్ద బంగళా. అక్కడ ఒక సమాధి రాయి. దాని మీద ఆండ్రూ బాండ్, మోనిక్ డెలాక్రోయి బాండ్ అని తల్లిదండ్రుల పేర్లు. రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ ఈ సంగతి 1964లోనే తన నవలలో రాసి పెట్టాడు. అమ్మానాన్నలు కొండ ఎక్కుతూ ప్రమాదంలో పోయారు, అప్పటికి ఆ పిల్లవాడికి 11 ఏళ్ళు. ఆ సమాధి దగ్గర సినిమా ఆపి అమ్మని పిలిచి చూపించాను. “తల్లి లేని బిడ్డ. అందుకే ఎవురి దగ్గరా నిలకడగా ఉండలేడు” అంది. పేరున్న విమర్శకులు పేజీలకొద్దీ రాసేది ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఇంకో మాట చెప్పాలి. 1969 నాటి ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’లో బాండ్ పెళ్ళి చేసుకుంటాడు. పెళ్ళికూతురు ట్రేసీ, ఆ పాత్ర వేసింది డయానా రిగ్. పూలు కట్టిన కారులో ఇద్దరూ బయల్దేరతారు. దారిలో పూలు తీసేయడానికి కారు ఆపుతారు. అంతలోనే తూటాలు. బాండ్‌కి తగలాల్సింది ట్రేసీకి తగులుతుంది. ఆమె తలని ఒళ్ళో పెట్టుకుని, ఏమీ కాలేదు, కాస్త అలసిపోయింది అన్నట్టు దారినపోయే పోలీసుతో మాట్లాడతాడు. పెళ్ళి కాకముందు చూసినప్పుడు నాకు ఆ విలన్ మీద కోపం వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లిగా చూస్తే ట్రేసీ మీద జాలితో కళ్ళు నిండాయి. మొగుడు ఎంచుకున్న పనికి పెళ్ళాం ప్రాణం చెల్లించింది. 12 ఏళ్ళ తర్వాత 1981లో ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ మొదట్లో బాండ్ ఆమె సమాధి మీద పూలు పెడతాడు. నటుడు మారిపోయాడు, కాలం మారిపోయింది, ఆ భార్యని మాత్రం సినిమా మరిచిపోలేదు. అది చూసి మనసు కొంచెం చల్లబడింది.

అన్నీ మెచ్చుకోలేం, అదీ చెప్పుకోవాలి. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’లో గడ్డి నిండిన కొట్టంలో, వద్దు వద్దని తోసేస్తున్న ఆడమనిషిని బాండ్ బలవంతంగా లొంగదీసుకునే సన్నివేశం ఉంది. తర్వాత ఆమె కూడా ఇష్టపడినట్టు చూపిస్తారు. పక్కన మా పెద్దపాప ఉంది, పదో తరగతి. నేను సినిమా ఆపేశాను. “చూడు బంగారూ, వద్దంటే వద్దనే అర్థం. హీరో అయినా సరే, ఎంత అందగాడైనా సరే. ఈ సీను తప్పు” అని చెప్పాను. అది తల ఊపి, “తెలుసులేమ్మా, నాకెందుకో అతని మొహమే నచ్చలేదు అక్కడ” అంది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో! పాత సినిమాలు పిల్లలకు చూపించొద్దని నేననను. పక్కన కూర్చుని చూపించండి. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి మాట్లాడండి.

ఆ సినిమాలు కూడా మెల్లగా మారాయి. 1995లో ‘గోల్డెన్‌ఐ’తో బాండ్‌కి పై అధికారిగా జూడీ డెంచ్ వచ్చింది. మూడేళ్ళ ముందే ఇంగ్లండ్‌లో నిజంగానే ఎం.ఐ.5 అనే గూఢచారి సంస్థకు స్టెల్లా రిమింగ్టన్ అనే ఆవిడ అధిపతి అయింది. జూడీ డెంచ్ వచ్చీ రాగానే బాండ్‌ని ఎదురుగా నిలబెట్టి, నీది పాతకాలపు బుద్ధి అని మొహం మీదే చెప్తుంది. ఈసారి ఆ సీన్ చూస్తూ నేనూ మా పాపా చప్పట్లు కొట్టాం. ‘స్కైఫాల్’లో ఆమె బాండ్ చేతుల్లోనే కన్నుమూస్తుంది. అమ్మ లేని పిల్లవాడు ఆమెలో ఎవరిని చూసుకున్నాడో అప్పుడు అర్థమవుతుంది.

ఇక మన వాళ్ళ దగ్గరికొద్దాం. మా ప్రాంతం మూడు భాషలు కలిసే చోటు. కుప్పం నుంచి అటు కాస్త పోతే తమిళం, ఇటు కాస్త పోతే కన్నడం. మా చెల్లెల్ని కోలారులో ఇచ్చాం. అందుకని మాకు జేమ్స్‌బాండ్లు ముగ్గురు! తెలుగులో కృష్ణ, తమిళంలో జైశంకర్, కన్నడంలో రాజ్‌కుమార్. కృష్ణ ‘గూఢచారి 116’, జైశంకర్ ‘వల్లవన్ ఒరువన్’ రెండూ 1966లోనే వచ్చాయి. 1968లో రాజ్‌కుమార్ ‘జేడర బలె’తో సి.ఐ.డి. 999 అయ్యాడు. అదే ఏడు ‘గోవాదల్లి సి.ఐ.డి. 999’, మరుసటేడు ‘ఆపరేషన్ జాక్‌పాట్‌నల్లి సి.ఐ.డి. 999’, 1978లో ‘ఆపరేషన్ డైమండ్ రాకెట్’ వచ్చాయి. ఆ చివరిదాంట్లో రాజ్‌కుమార్ స్వయంగా ఇంగ్లీషు పాట పాడాడు. మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా, “మా రాజణ్ణ ఇంగ్లీషులో పాడినాడు, మీ కృష్ణ పాడినాడా?” అని నన్ను ఉడికిస్తుంది. మెట్టినింటి హీరో మీద ప్రేమ అట్లాంటిది మరి!

కానీ ముందొచ్చింది మన కృష్ణే కదా! 1965లో ‘తేనె మనసులు’లో స్కూటరు మీద కారుని వెంబడించి, స్కూటరు వదిలేసి కారు మీదికి దూకే సన్నివేశం డూపు లేకుండా చేశాడట. ఆ తెగువ చూసే నిర్మాత డూండి ‘గూఢచారి 116’కి ఈ కుర్రాడే కావాలన్నాడని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మల్లికార్జునరావు దర్శకుడు. ఆ సినిమాతో కృష్ణ ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయిపోయాడు. మరుసటేడే దాన్ని హిందీలో ‘ఫర్జ్’గా తీస్తే జితేంద్ర జాతకం మారిపోయింది. మన తెలుగు గూఢచారి హిందీవాళ్ళకు కూడా దారి చూపించాడన్నమాట.

అది మళ్ళీ పెట్టగానే అమ్మ పనంతా పక్కన పడేసి వచ్చి కూర్చుంది. చిన్నప్పుడు టెంటులో నేల మీద కూర్చుని బొరుగులు తింటూ చూసిన సినిమా అది. ఏజెంటు 303గా శోభన్‌బాబు కాసేపు కనిపించి చనిపోతాడు. “అయ్యో, శోభన్‌బాబుని అప్పుడే సంపేసినారే!” అని అమ్మ ఇప్పుడూ అంతే బాధపడింది. నాకు మాత్రం చూపంతా హీరోయిన్ జయలలిత మీదే. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. 1991లో తమిళనాడు ముఖ్యమంత్రి కాబోతున్న మనిషి, పాటల్లో అంత హాయిగా నవ్వుతూ తిరుగుతుంటే, ఈ పిల్ల లోపల ఎంత ఉక్కు ఉందో అప్పుడెవరికీ తెలీదు కదా అనిపించింది. రెండోసారి చూడ్డం వల్ల వచ్చే లాభం ఇదే. ఆ మనుషుల ముందు జీవితం కూడా మనకు తెలిసి ఉంటుంది.

ఇంకో సంగతి గమనించారా? ఆ కాలం సినిమాల్లో గూఢచారిని సి.ఐ.డి. అనే పిలుస్తారు. మన దేశానికి ‘రా’ అనే గూఢచారి సంస్థ ఏర్పడిందే 1968 సెప్టెంబరులో. కృష్ణ 116 అయ్యేసరికి అది ఇంకా పుట్టనే లేదు. అమ్మకి ఇప్పటికీ రహస్యంగా తిరిగే ప్రతి ఒక్కరూ సి.ఐ.డి. నే!

తర్వాత కృష్ణ ఆ వేషం వదల్లేదు. 1971లో ‘జేమ్స్‌బాండ్ 777’, 1978లో ‘ఏజెంట్ గోపి’, 1981లో ‘రహస్య గూఢచారి’ వచ్చాయి. మూడూ కె.ఎస్.ఆర్. దాస్ తీసినవే. 1989లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో ‘గూఢచారి 117’. సినిమా లేని రోజుల్లో అద్దె పుస్తకాల షాపు ఉండేది. మధుబాబు రాసిన గూఢచారి షాడో నవల ఎవరు ముందు చదవాలని ఇంట్లో తగువులు పడేవాళ్ళం. 2022 నవంబరు 15న కృష్ణ పోయారని తెలిసిన రోజు మా ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగింది. సొంత మనిషి పోయినట్టే ఉండింది.

ఆయన గోపి పేరుని 2018లో అడివి శేష్ మళ్ళీ లేపాడు. శశికిరణ్ తిక్క తీసిన ‘గూఢచారి’లో హీరో పేరు గోపి. నాన్నని చిన్నప్పుడే పోగొట్టుకున్న పిల్లవాడు. మామయ్యగా ప్రకాష్‌రాజ్ వాడి పేరే మార్చి, అర్జున్ అని పిలిచి, దాచి పెంచుతాడు. మొదటిసారి చూసినప్పుడు ఆ చివరి మలుపుకి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈసారి మలుపు తెలుసు కాబట్టి ప్రకాష్‌రాజ్‌నే చూస్తూ కూర్చున్నాను. తను కనని బిడ్డ కోసం పేరు మార్చి, ఊరు మార్చి, అబద్ధాల మధ్య వాణ్ణి నిజాయితీగా పెంచిన మనిషి. ఆ సినిమాలో పెద్ద గూఢచారి ఆయనే అనిపించింది నాకు. చూశారా, మనవాళ్ళ చేతిలో పడగానే గూఢచారి కథ నాన్న కోసం వెతుకులాట అయిపోయింది.

ఇంకా సంతోషం ఏంటంటే, గూఢచారిని పూర్తిగా ఇంటికి తీసుకొచ్చింది మన చిత్తూరోళ్ళే! ‘ది ఫ్యామిలీ మ్యాన్’ తీసిన రాజ్, డీకే ఇద్దరిలో రాజ్ నిడిమోరుది తిరుపతి, కృష్ణ డీకేది చిత్తూరు. ఇద్దరూ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివిన వాళ్ళు. 2019లో మొదలైన ఆ సిరీస్‌లో శ్రీకాంత్ తివారీ ఉగ్రవాదుల్ని పట్టుకునే ఆఫీసరు. ఇంట్లో మాత్రం పిల్లల స్కూలు గొడవలు, భార్య అలక, చాలీచాలని జీతం. తన పని ఏమిటో పిల్లలకు చెప్పలేడు. ప్రియమణి వేసిన ఆ భార్య సుచిత్రని మొదటిసారి చూసినప్పుడు చాలామంది తిట్టారు, మొగుణ్ణి అర్థం చేసుకోదని. మళ్ళీ చూడండి. అతను ఏ రాత్రి వస్తాడో తెలియకుండా, ఎందుకు రాలేదో అడిగే వీలు లేకుండా ఇద్దరు పిల్లల్ని పెంచుతోంది. ఆమె విసుగులో న్యాయముంది.

మన ఊళ్ళలో ఇలాంటి బతుకులు మనకు కొత్తా చెప్పండి? ఇటు మదనపల్లె, అటు రాయచోటి వైపు నుంచి ఎంతమంది తల్లులు కువైట్‌లో పని చేస్తున్నారు! జ్వరంతో పడుకుని కూడా ఫోన్‌లో “నేను బాగుండాను, మీరు బాగా చదువుకోండి” అంటారు. ఇక్కడ వాళ్ళమ్మలు అప్పుల సంగతి దాచి “ఇంట్లో అంతా బాగుంది” అంటారు. తమవాళ్ళు కుంగిపోకూడదని గుండెలో రహస్యం మోయడం గూఢచారి పనైతే, అందులో ఆరితేరినవాళ్ళు మన ఆడవాళ్ళే. వాళ్ళకి నంబర్లు లేవు, పతకాలు లేవు. 2024లో అదే రాజ్, డీకే ‘సిటాడెల్: హనీ బన్నీ’లో సమంతని గూఢచారిగా, ఒక చిన్నపిల్ల తల్లిగా చూపించారు. ప్రమాదం వస్తే పాప ఎక్కడ దాక్కోవాలో, ఏం చేయాలో ఆ తల్లి ముందే నేర్పి ఉంచుతుంది. “వాళ్ళమ్మ యాడుంది?” అన్న మా అమ్మ ప్రశ్నకు అసలైన జవాబు నాకు అక్కడ దొరికింది. అమ్మే గూఢచారి!

ఇది సినిమా మాయ అనుకోవద్దు. నూర్ ఇనాయత్ ఖాన్ పేరు మీ ఆడపిల్లలకు చెప్పండి. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడా సంగీతకారుడు. ఆయనకు సూఫీ గురువు దొరికింది మన హైదరాబాద్‌లోనే. మా కలికిరికి దగ్గర్లోని గుర్రంకొండ కోట ఒకప్పుడు టిప్పు సుల్తాన్ చేతిలో ఉండేది. ఆ టిప్పు వంశంలో పుట్టిన పిల్ల అని నూర్‌ని చెప్తారు. పిల్లల కథలు రాసుకునే ఆ మెత్తని మనిషి, 1943లో ఇంగ్లండ్ తరఫున, హిట్లర్ సైన్యం చేతిలో ఉన్న పారిస్‌కి వెళ్ళి రహస్యంగా రేడియో సందేశాలు పంపింది. తోటివాళ్ళు ఒక్కొక్కరూ పట్టుబడుతున్నా వెనక్కి రానంది. చివరికి ఆమే దొరికిపోయింది. ఎంత హింస పెట్టినా తనవాళ్ళ గుట్టు చెప్పలేదు. 1944 సెప్టెంబరులో డాకౌ శిబిరంలో చంపేశారు. అప్పటికి ఆమెకు 30 ఏళ్ళు. ఇంగ్లండ్ 1949లో జార్జ్ క్రాస్ పతకం ఇచ్చి గౌరవించింది.

మా కలికిరిలో 2014 నుంచీ సైనిక్ స్కూల్ ఉంది. 2021 నుంచి సైనిక్ స్కూళ్ళలో ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటున్నారు. యూనిఫాం వేసుకుని, వీపు నిటారుగా పెట్టి నడిచే ఆ పిల్లల్ని చూస్తే నాకు చెప్పలేనంత గర్వం. వాళ్ళలో రేపు ఎవరు ఏ బాధ్యత మోస్తారో! ఇంట్లో ఎవరైనా ఆడపిల్ల “నేను కూడా ఇలాంటి ఉద్యోగం చేస్తా” అంటే నవ్వి కొట్టిపారేయకండి. దానికేం చదవాలో కూర్చోబెట్టి చెప్పండి.

సంక్రాంతి సెలవులకు అందరూ ఇంట్లో ఉంటారు కదా! ముందు ‘గూఢచారి 116’ పెట్టండి, అమ్మలూ అత్తలూ వచ్చి కూర్చుంటారు. తర్వాత శేష్ ‘గూఢచారి’. పెద్దపిల్లలుంటే ‘స్కైఫాల్’. చూశాక ఒక్క ప్రశ్న వేయండి: ఈ హీరో కోసం ఇంటి దగ్గర ఎదురుచూసింది ఎవరు? ఆ మాటల్లో ఇంట్లో ఎవరు ఏమేం మోస్తున్నారో కూడా బయటికొస్తుంది.

ఇక నాదొక కోరిక. మన రాయలసీమ పల్లె నుంచి వెళ్ళిన అమ్మాయి గూఢచారిగా, ఆమె కోసం ఇల్లు నిలబెట్టిన తల్లి రెండో హీరోగా ఒక తెలుగు సినిమా రావాలి. కృష్ణని 116గా నెత్తిన పెట్టుకుంది మన అమ్మలే. ఆ సినిమా కావాలని అడిగే హక్కు మనకుంది, గట్టిగా అడుగుదాం.